చంటిబిడ్డతో చూపు కలపడం, ఆ చూపుతో నేర్పడం ఎలా?

పుట్టిన బిడ్డకు మాట రాదు, మెడ నిలవదు, చెయ్యి చాపినా ఏదీ అందదు. అయినా ఒక పని మాత్రం మొదటి వారంలోనే చేయగలదు. తన వైపు చూస్తున్న కళ్లను పోల్చుకుంటుంది. 2002లో తెరెసా ఫారోని బృందం పుట్టి 2 నుంచి 5 రోజులైన పిల్లలకు ముఖాల ఫొటోలు జంటగా చూపించింది. ఒక ఫొటోలో కళ్లు సూటిగా బిడ్డనే చూస్తున్నాయి, రెండో దాంట్లో పక్కకి తిరిగి ఉన్నాయి. పిల్లలు తమను చూస్తున్న ముఖం మీదే ఎక్కువసేపు చూపు నిలిపారు.

అక్కడ మొదలైన బిడ్డ ఏడాదిన్నర తిరిగేసరికి మీరు ఎటు చూస్తే అటు చూస్తుంది, మీరు అన్న మాట ఏ వస్తువుదో మీ కళ్లను బట్టి తెలుసుకుంటుంది, ముందుకు వెళ్లాలా వద్దా అన్నది మీ ముఖం చూసి తేల్చుకుంటుంది. ఈ దారిలో పెద్దవాళ్లు చేయగలిగింది చాలా ఉంది. దానికి ఖరీదైన బొమ్మలు అక్కర్లేదు, విడిగా పాఠం వేళ అక్కర్లేదు. పాలు పట్టేటప్పుడు, బట్టలు మార్చేటప్పుడు, ఒళ్లో కూచోబెట్టుకున్నప్పుడు చేసే పనులే ఇవన్నీ.

ఇక్కడ చెప్పే నెలలన్నీ ఉజ్జాయింపు లెక్కలే. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ అయితే, పుట్టిన రోజు నుంచి కాకుండా డాక్టరు ఇచ్చిన కాన్పు తేదీ నుంచి లెక్కపెట్టండి.

దూరం, వెలుతురు, వేళ

పుట్టిన కొత్తల్లో బిడ్డకు కాస్త స్పష్టంగా కనిపించేది 20 నుంచి 30 సెంటీమీటర్ల లోపే. ఒళ్లో పడుకోబెట్టుకుని పాలు పట్టేటప్పుడు మీ ముఖానికీ బిడ్డ ముఖానికీ మధ్య దాదాపు అంతే దూరం ఉంటుంది. గది ఆ చివర నిలబడి ఎంత నవ్వినా బిడ్డకు అది మసక మసకే. దగ్గరికి వెళ్లండి.

వెలుతురు మీ ముఖం మీద పడాలి. కిటికీకి వీపు పెట్టి కూచుంటే మీ ముఖం నీడలో ఉండిపోతుంది, బిడ్డ చూపు మీ కళ్లను వదిలి తల చుట్టూ ఉన్న వెలుగు అంచు మీదికి పోతుంది. నల్ల కళ్లద్దాలు పెట్టుకుని ఉంటే తీసేయండి. మామూలు కళ్లద్దాలతో ఇబ్బంది లేదు. మీ ముఖం బిడ్డకు నిటారుగా కనిపించేలా ఎదురుగా ఉండండి. ముఖాన్ని తలకిందులుగా చూపించినప్పుడు, సూటిగా చూసే కళ్ల మీద ఆ మక్కువ పసిపిల్లల్లో కనిపించలేదని ఫారోని బృందమే తర్వాత గమనించింది.

ఇక వేళ. కడుపు నిండి, నిద్ర చాలి, ఒళ్లు విదిలించకుండా కళ్లు విప్పార్చి చూస్తున్న సమయం కోసం కనిపెట్టుకుని ఉండండి. మొదటి వారాల్లో అలాంటి వేళ ఒక్కోసారి కొద్ది నిమిషాలే దొరుకుతుంది. ఆకలి వేళో నిద్ర ముంచుకొచ్చే వేళో పలకరించి, నా బిడ్డ నన్ను చూడటం లేదని బెంగపడే తల్లిదండ్రులు చాలామంది ఉంటారు. ఆ బెంగకు కారణం లేదు.

మొదటి మూడు నెలలు: చూడండి, ఆగండి, వదిలేయండి

బిడ్డ కళ్లలోకి చూస్తూ ఒక్క మాట అనండి. పేరు పెట్టి పిలవండి, లేదా ఊ కొట్టండి. అని, ఆగండి. పెద్దవాళ్లకు అన్నిటికంటే కష్టమైన పని ఈ ఆగడమే. బిడ్డ జవాబు ఇవ్వడానికి మనం ఊహించిన దానికంటే ఎక్కువ సమయం పడుతుంది. మూతి కదుపుతుంది, కనుబొమ్మలు లేస్తాయి, పిడికిలి విప్పుతుంది, చిన్న కూత పెడుతుంది. అది బిడ్డ వంతు. అది అయ్యాక మళ్లీ మీ వంతు. మనం ఆపకుండా మాట్లాడుతూ పోతే బిడ్డ వంతు ఎప్పటికీ రాదు. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్యలో, మీ ముఖం చూసి మీ కోసమే నవ్వే నవ్వు మొదలవుతుంది. ఆ నవ్వుకు మీరు తిరిగి నవ్వడం కంటే మంచి జవాబు లేదు.

ఇప్పుడు ఈ వయసులో నేను అన్నిటికంటే ముఖ్యమనుకునే సంగతి. బిడ్డ కాసేపు చూసి చూపు పక్కకి తిప్పేస్తుంది. అప్పుడు వదిలేయండి. ఎదుటివాళ్ల కళ్లు, గొంతు, నవ్వు అన్నీ కలిసి బిడ్డకు పెద్ద సందడి. అది ఎక్కువైనప్పుడు పసిబిడ్డ చేతిలో ఉన్న ఉపాయం ఒకటే, చూపు తిప్పుకోవడం. లేచి వెళ్లిపోలేదు, ఇక చాలని చెప్పలేదు. తల పక్కకి తిప్పి, గోడనో తన చేతినో చూస్తూ కుదుటపడి, మళ్లీ వస్తుంది. అలా తిరిగిన చూపు వెంటపడి మీరు కూడా అటు జరిగి, చిటికెలు వేసి, గడ్డం పట్టుకుని ఇటు తిప్పితే, బిడ్డ తనంతట తాను కుదుటపడే అవకాశం పోతుంది. కాసేపటికి ఏడుపు లంకించుకుంటుంది. ఏడవడం మొదలుపెట్టాక బిడ్డకు తామంటే పడట్లేదేమోనని కొందరు మనసు కష్టపెట్టుకుంటారు కూడా.

కాబట్టి బిడ్డ తల తిప్పగానే మీరు మాట తగ్గించండి, ఉన్న చోటే ఉండండి, ముఖం ప్రసన్నంగా ఉంచండి. బిడ్డ మళ్లీ మీ వైపు చూసినప్పుడు చూపు అందుకోండి. ఆవలింత, ఎక్కిళ్లు, వీపు విరుచుకోవడం, వేళ్లు బిగించి చాపడం కూడా విశ్రాంతి కావాలన్న గుర్తులే కావచ్చు. అప్పుడు భుజాన వేసుకుని ఊరుకోబెట్టండి, ముఖాముఖి ఆట మరోసారి ఆడుకోవచ్చు.

ఇందుకు పూర్తిగా ఎదురైన సంగతి ఒకటుంది. బిడ్డ చూస్తుండగా మీ ముఖంలో కదలిక లేకపోవడం. 1978లో ఎడ్వర్డ్ ట్రానిక్, ఆయన సహచరులు తల్లులను కాసేపు బిడ్డతో మామూలుగా ఆడమని, తర్వాత బిడ్డ వైపే చూస్తూ ముఖంలో ఏ భావమూ లేకుండా ఉండమని అడిగారు. పిల్లలు ముందు నవ్వి, కేక పెట్టి, తల్లిని మళ్లీ ఆటలోకి లాగాలని చూశారు. ఫలితం లేకపోయేసరికి చూపు తిప్పుకుని ముడుచుకుపోయారు. ఫోను చూస్తున్న మనిషి ముఖం కూడా బిడ్డకు అలాగే స్తబ్దుగా కనిపిస్తుంది. రోజంతా ఫోను ముట్టొద్దని అనను, అది జరిగే పని కాదు. బిడ్డ మీ ముఖాన్ని వెతుక్కునే ఆ కొద్ది నిమిషాలు మాత్రం ఫోను పక్క గదిలో పెట్టండి. తప్పనిసరిగా చూడాల్సి వస్తే, ఒక్క క్షణం అని బిడ్డతో పైకి అని చూడండి, అయ్యాక మళ్లీ కళ్లు కలిపి పలకరించండి.

ముందు మీరు బిడ్డ చూపు వెంట వెళ్లండి

చాలామంది ఇక్కడ తొందరపడతారు. ఇటు చూడు, అటు చూడు అంటూ బిడ్డ చూపును తాము అనుకున్న చోటికి లాగాలని చూస్తారు. అంతకంటే ముందు చేయాల్సింది, బిడ్డ చూపు ఎక్కడ ఉందో కనిపెట్టి మీరు అక్కడికి వెళ్లడం.

ఇలా చేయండి. బిడ్డ ఏదో ఒకదాన్ని తదేకంగా చూస్తోంది. మీ తల బిడ్డ తల ఎత్తుకు దించి, అదే దిక్కుగా చూడండి. ఫ్యాను కావచ్చు, గోడ మీద ఆడే నీడ కావచ్చు, మీ చొక్కా గుండీ కావచ్చు. దాన్ని మీరూ చూడండి, పేరు చెప్పండి, వీలైతే తాకండి. "ఫ్యాను! తిరుగుతోంది" అంటే చాలు. తర్వాత బిడ్డ ముఖం చూడండి. బిడ్డ కూడా ఫ్యాను నుంచి మీ వైపు తిరిగితే నవ్వండి, మళ్లీ ఇద్దరూ ఫ్యాను చూడండి. ఒకే వస్తువును ఇద్దరూ చూస్తూ, ఇద్దరమూ చూస్తున్నామని ఇద్దరికీ తెలిసి ఉండటం. మాటలు నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి చోటు లేదని నా నమ్మకం.

ఈ నమ్మకానికి ఆధారమూ ఉంది. 1986లో మైకేల్ టొమసెల్లో, జెఫ్రీ ఫరార్ 17 నెలల పిల్లలకు కొత్త మాటలు నేర్పి చూశారు. పిల్లలు అప్పటికే చూస్తున్న వస్తువుకు పేరు చెప్పినప్పుడు బాగా నేర్చుకున్నారు. వాళ్ల దృష్టిని వేరే వస్తువు మీదికి మళ్లించి పేరు చెప్పినప్పుడు అంతగా రాలేదు. 2016లో చెన్ యూ, లిండా స్మిత్ ఏడాది వయసు పిల్లల కంటి కదలికలను, వాళ్ల తల్లిదండ్రుల కంటి కదలికలను ఒకేసారి నమోదు చేశారు. బిడ్డ చూస్తున్న బొమ్మను తల్లో తండ్రో కూడా చూసినప్పుడు, బిడ్డ ధ్యాస ఆ బొమ్మ మీద ఎక్కువసేపు నిలిచింది. పెద్దవాళ్లు చూపు తిప్పేశాక కూడా బిడ్డ అక్కడే ఉంది. బిడ్డ పక్కన కూచుని ఆ బిడ్డ చూసేదే చూడటం ఎంత పని చేస్తుందో చూడండి. పక్కన ఉండి ఏమీ చేయలేదే అని నొచ్చుకునే తండ్రులకు ఈ మాట ప్రత్యేకంగా చెప్పాలనిపిస్తుంది.

నాలుగైదు నెలల నుంచి: పిలవండి, కళ్లు కలిశాక తిరగండి

ఇప్పుడు మీ చూపు వెంట బిడ్డను తీసుకెళ్లవచ్చు. దీనికి ఒక వరస ఉంది.

మొదట బిడ్డ పేరు పిలవండి, లేదా ముద్దుగా, గొంతు కాస్త పైకెత్తి, సాగదీసి పలకరించండి. బిడ్డ మీ కళ్లలోకి చూసేదాకా ఆగండి. చూపు కలిశాక, కళ్లు, తల రెండూ కలిపి నెమ్మదిగా ఒక పక్కకి తిప్పండి. అక్కడ ఉన్న వస్తువును చూస్తూ ఉండండి. బిడ్డ తల తిరగడానికి కొన్ని క్షణాలు పడుతుంది, అప్పటిదాకా చూపు కదపొద్దు. బిడ్డ అటు చూడగానే దాని పేరు చెప్పండి.

మొదటి మెట్టు ఎందుకు దాటేయకూడదో 2008లో అత్సుషి సెంజు, గెర్గెయ్ చిబ్రా చేసిన ప్రయోగం చెబుతుంది. 6 నెలల పిల్లలకు వాళ్లు వీడియోలు చూపించారు. అందులో ఒక మనిషి రెండు వస్తువుల్లో ఒకదాని వైపు తిరుగుతుంది. తిరిగే ముందు ఆమె బిడ్డ కళ్లలోకి చూసినా, పిల్లలతో మాట్లాడే గొంతుతో పలకరించినా పిల్లలు ఆమె చూపు వెంట వెళ్లారు. ఆ పలకరింపు లేకుండా తిరిగినప్పుడు వెళ్లలేదు. నీకే చెబుతున్నాను అన్న పిలుపు ముందు అందాలి, ఆ తర్వాతే మీ చూపు బిడ్డకు దారి చూపిస్తుంది. ఎక్కడో చూస్తున్న బిడ్డకు "అదిగో కాకి" అంటే ఆ చూపు కాకిదాకా వెళ్లకపోవడానికి చాలాసార్లు కారణం ఇదే.

వస్తువు ఎక్కడ ఉండాలన్నది కూడా వయసును బట్టి మారుతుంది. జార్జ్ బటర్‌వర్త్, నికొలస్ జారెట్ 1991లో రాసిన దాని ప్రకారం, 6 నెలల బిడ్డ మీరు తిరిగిన పక్కకే తిరుగుతుంది కానీ దారిలో మొదట కంటపడిన వస్తువు దగ్గరే ఆగిపోతుంది. 12 నెలలకు వరసలో రెండోదో మూడోదో అయినా సరైన వస్తువును పట్టుకుంటుంది. తన వీపు వెనక ఉన్నదాని కోసం వెనక్కి తిరిగి వెతకడం సుమారు 18 నెలలకు వస్తుంది. అందువల్ల ఆరు నెలల బిడ్డకు ఒక పక్క ఒకే వస్తువు, దగ్గరగా, ఎదురుగా కనిపించేలా పెట్టండి. చుట్టూ పది బొమ్మలు పరిచి అందులో ఒకదాన్ని చూపిస్తే పాపం బిడ్డ ఏం చేస్తుంది.

తొమ్మిది నెలల తర్వాత: కళ్లు, చేతులు, వేలు

తొమ్మిది నెలల బిడ్డ ముందు మీరు కళ్లు మూసుకుని తల తిప్పినా అటే చూస్తుంది. అంటే అప్పటిదాకా బిడ్డ అనుసరించింది ఎక్కువగా మీ తలనే. పది, పదకొండు నెలలకు తేడా వస్తుంది. కళ్లు తెరిచి తిరిగితేనే అటు చూస్తుంది. రెచెల్ బ్రూక్స్, ఆండ్రూ మెల్ట్‌జాఫ్ 2005లో ఈ సంగతి చూపించారు. ఆ వయసులో పెద్దవాళ్ల చూపు వెంట వెళ్లి, ఆ వస్తువును చూస్తూ తమంతట తామే శబ్దం కూడా చేసిన పిల్లలకు 18 నెలల నాటికి ఎక్కువ మాటలు అర్థమయ్యాయి. మీ బిడ్డ దేన్నైనా చూస్తూ "ఆ", "దా" అంటే అది మీతో చెబుతున్న మాటగా తీసుకుని వెంటనే జవాబివ్వండి.

తల కదపకుండా కళ్లు మాత్రమే తిప్పి చూపించే ఆట ఈ వయసు నుంచి మొదలుపెట్టవచ్చు. మొదట్లో అందకపోతే తల కూడా తిప్పండి, అప్పటికీ అందకపోతే వేలు చూపండి.

అయితే ఆట మధ్యలో బిడ్డ ప్రతిసారీ మీ కళ్లు చూడాలని ఎదురుచూడకండి. యూ, స్మిత్ 2013లో గమనించింది ఇది: బొమ్మలతో ఆడుకునేటప్పుడు ఏడాది పిల్లలు తల్లిదండ్రుల ముఖం వైపు చూసింది చాలా తక్కువ. వాళ్లు చూసింది చేతులను. మనం చేత్తో పట్టుకున్నదాన్నే సాధారణంగా మనమూ చూస్తాం కాబట్టి, బిడ్డ మీ చేతిని చూసినా మీ ధ్యాస ఎక్కడుందో దానికి తెలిసిపోతుంది. అందుకని చూపించాలనుకున్న వస్తువును చేత్తో పట్టుకుని, బిడ్డ కంటి ఎత్తులో కాస్త కదిలించి, మీరూ దాన్నే చూస్తూ పేరు చెప్పండి. ఒకదాన్ని పట్టుకుని ఇంకోదాన్ని చూస్తూ మాట్లాడితే బిడ్డ తికమకపడుతుంది.

తొమ్మిది నుంచి పధ్నాలుగు నెలల మధ్య చాలామంది పిల్లలు వేలు చూపించడం మొదలుపెడతారు. బిడ్డ వేలు చూపించగానే వస్తువు తెచ్చి చేతిలో పెట్టేయకండి. కావాలని చూపించడం ఒకటి, చూడమని చూపించడం మరొకటి. ఆకాశంలో విమానం వైపు వేలు చూపి మీ ముఖం చూసే బిడ్డకు విమానం అక్కర్లేదు. మీరు కూడా చూసి, "అవును, విమానం!" అనాలి. అంతే.

బిడ్డ ఆగి మీ ముఖం చూసినప్పుడు

పాకడం, నడవడం వచ్చాక కొత్త మనిషో, కొత్త శబ్దమో, ఎత్తైన మెట్టో ఎదురైతే బిడ్డ ఒక్క క్షణం ఆగి మీ వైపు చూస్తుంది. 1985లో జేమ్స్ సోర్స్ బృందం చేసిన ప్రయోగంలో, గట్టి అద్దం కింద సుమారు 30 సెంటీమీటర్ల లోతు కనిపించేలా అమర్చిన బల్ల మీద ఏడాది పిల్లలను పాకనిచ్చారు. అవతలి ఒడ్డున తల్లి ముఖం సంతోషంగా ఉన్నప్పుడు 19 మందిలో 14 మంది దాటారు. భయం కనిపించినప్పుడు 17 మందిలో ఒక్కరు కూడా దాటలేదు.

ఆ చూపును అందుకోవడానికి మీరు బిడ్డకు కనిపించే చోట ఉండాలి. ప్రమాదం లేకపోతే ముఖం నెమ్మదిగా, కాస్త నవ్వుతూ ఉంచి, ఆ వస్తువు వైపు చూసి, మళ్లీ బిడ్డను చూడండి. ప్రమాదం ఉంటే ముఖంలో గంభీరం, గొంతులో స్పష్టత ఉండాలి, చెయ్యి కూడా అడ్డు పెట్టాలి. ముఖం మీద మాత్రమే నమ్మకం పెట్టుకుని మెట్ల దగ్గర బిడ్డను వదిలేయడం తగదు. నవ్వుతూ "వద్దు" అనడం మాత్రం మానుకోండి. నోటి మాట ఒకటి, ముఖం ఇంకొకటి చెబితే బిడ్డ ఏది నమ్మాలి? కొత్త మనుషుల దగ్గర కూడా ఇదే. బిడ్డను వాళ్ల చేతుల్లో పెట్టేముందు, మీరు వాళ్లతో నవ్వుతూ రెండు మాటలు మాట్లాడండి. మీ ముఖం చూసే అవకాశం బిడ్డకు ఇవ్వండి.

ఏడాదిన్నర దగ్గర: మాట ఎవరి చూపుదో

డేర్ బాల్డ్విన్ 1990ల మొదట్లో ఒక చక్కని సంగతి బయటపెట్టింది. బిడ్డ చేతిలో ఒక బొమ్మ ఉంది. పెద్దావిడ తన దగ్గరున్న వేరే బొమ్మను చూస్తూ కొత్త పేరు పలికింది. 18, 19 నెలల పిల్లలు తల ఎత్తి ఆమె చూపు ఎటు ఉందో చూశారు, ఆ పేరును ఆమె చూసిన బొమ్మకే పెట్టుకున్నారు. తమ చేతిలో ఉన్నదానికి అంటగట్టలేదు.

ఈ వయసులో మీ పని తేలికవుతుంది. పేరు చెప్పేటప్పుడు ఆ వస్తువునే చూడండి. ఆ కాసేపు చూపు అటూ ఇటూ పోనివ్వకండి. బొమ్మల పుస్తకం చూపించేటప్పుడు బిడ్డను ఒళ్లో మీకు వీపు పెట్టి కాకుండా కొంచెం పక్కవాటంగా కూచోబెట్టుకుంటే పేజీ, మీ ముఖం రెండూ కనిపిస్తాయి.

చూపు కలవనప్పుడు

మొదటి రెండు మూడు నెలల్లో పసిపిల్లల కళ్లు అప్పుడప్పుడు ఒకటి ఇటు, ఒకటి అటు పోవడం మామూలే. నాలుగు నెలలు దాటాక కూడా మెల్ల కనిపిస్తుంటే కంటి డాక్టరుకు చూపించండి. కంటిపాపలో తెల్లటి మెరుపు కనిపించినా, ఫ్లాష్‌తో తీసిన ఫొటోలో ఒక కన్ను ఎర్రగా, రెండోది తెల్లగా వచ్చినా ఆలస్యం చేయకుండా వెంటనే చూపించాలి. అది కంటి లోపలి తీవ్రమైన జబ్బుకు గుర్తు కావచ్చు.

మూడు నెలలు వచ్చినా ముఖం వైపు చూడకపోవడం, నవ్వుకు నవ్వకపోవడం, ఏడాది వచ్చాక పేరు పిలిస్తే తిరగకపోవడం, 18 నెలలకు కూడా ఏదీ వేలితో చూపించకపోవడం, అంతకుముందు వచ్చిన చూపో నవ్వో మాటో తగ్గిపోవడం గమనిస్తే పిల్లల డాక్టరుతో మాట్లాడండి. వీటిలో ఒకటి కనిపించినంత మాత్రాన ఆటిజం అని ఇంట్లో తేల్చేసుకోకండి. వినికిడి లోపం వల్ల కావచ్చు, చూపు వల్ల కావచ్చు, బిడ్డ తీరే అంత కావచ్చు. అలాగే "మగపిల్లలు ఆలస్యమే", "వాళ్ల నాన్నా అంతే" అని నెలలు గడిపేయనూ వద్దు. అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 18, 24 నెలల వయసులో పిల్లలందరికీ ఆటిజం స్క్రీనింగ్ చేయాలని చెబుతుంది.

తల్లికో తండ్రికో కంటిచూపు లేకపోతే బిడ్డ వెనకబడిపోతుందేమోనన్న భయం కొన్ని ఇళ్లలో ఉంటుంది. సెంజు, ఆయన సహచరులు చూపు లేని తల్లిదండ్రుల దగ్గర పెరుగుతున్న, చూపు ఉన్న పిల్లలను పరిశీలించారు. ఆ పిల్లలు ఎదుటివారి చూపును గమనించే తీరులో కొంత తేడా ఉంది కానీ, నలుగురితో కలిసి మెలిగే తీరు మామూలుగానే ఎదిగింది. గొంతు, స్పర్శ, చేతికి వస్తువు అందించి పేరు చెప్పడం కూడా బిడ్డను చేరే దారులే.

డాక్టరు దగ్గరికి వెళ్లేముందు, ఇంట్లో బిడ్డ మామూలుగా ఆడుకుంటున్నప్పుడు, పేరు పిలిచినప్పుడు, ఏదైనా చూపించినప్పుడు ఏం చేస్తోందో ఫోనులో చిన్న వీడియోలు తీసుకెళ్లండి. కొత్త చోట, కొత్త మనుషుల మధ్య బిడ్డ ఇంట్లోలా ఉండదు. చెవి పరీక్ష, కంటి పరీక్ష రెండూ చేయించమని అడగండి. ఆ పరీక్షల ఫలితం వచ్చేదాకా ఆగకుండా, బిడ్డ చూసేదాన్ని మీరూ చూసి పేరు చెప్పడం, పలకరించి ఆగడం మామూలుగా సాగనివ్వండి.